ప్రహరీ బయట పందిరి

ఎన్నికల సభలో దేవుడి పేరెత్తి ఓటడిగే నాయకుణ్ణి పట్టుకోవడం తేలిక. మైకుంటుంది, పదిమంది ఫోన్లలో వీడియో ఉంటుంది. ఓడినవాడు పట్టుదలగలవాడైతే ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షను కింద హైకోర్టుకు పోతాడు. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆ సెక్షన్ని ఇంకాస్త బిగించింది కూడా. అభ్యర్థి తన మతం చెప్పుకున్నా, ఓటరు మతం పేరెత్తి అడిగినా తప్పు తప్పేనని నలుగురు అన్నారు, ముగ్గురు కాదన్నారు. నేను చూసినంతలో మాత్రం గుడిని తీసుకెళ్లి పార్టీ చేతిలో పెట్టేవాళ్లు మైకు పట్టుకోరు. రిపోర్టులు రాస్తారు. అలాంటి రిపోర్టులు రాసినవాణ్ణి గనక చెబుతున్నాను.

దేవాదాయ శాఖలో గుమాస్తాగా చేరి ఈఓగా రిటైరయ్యాను. లంచం ముట్టలేదు. గొప్పకు చెప్పుకోవడం కాదిది. నా కళ్లకు గంతలు కట్టింది ఆ నిజాయితీయే, అందుకని ముందే చెప్పాల్సివస్తోంది. డబ్బు తీసుకోనివాడు తప్పు చేయలేడని ఒక ధీమా ఉంటుంది. హుండీ లెక్కింపు రోజు జేబుల్లేని చొక్కా వేసుకుని కూర్చుని, ఆఖరి చిల్లర నాణెం దాకా బ్యాంకువాళ్లకు అప్పజెప్పి, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయేవాణ్ణి. గుడి సొమ్ము గుడిలోనే ఉంది కదా! గుడి పరపతి ఎటు పోతోందో రాసుకోవడానికి మా శాఖలో రిజిస్టరు లేదు.

శాఖ మీద నాకు గర్వం ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కొత్తగా చేరిన కుర్రాళ్లకు దాని చరిత్ర చెప్పడం నాకు సరదా. కంపెనీ దొరలు 1817లో రెగ్యులేషన్ చేసి గుళ్ల ఆస్తుల మీద అజమాయిషీ పెట్టుకున్నారు. విగ్రహారాధనకు మన సర్కారు కాపలా ఏమిటని వాళ్ల మిషనరీలే గోల పెడితే మెల్లగా చేతులు దులుపుకున్నారు. అలా 1843లో తిరుమల హథీరాంజీ మఠం మహంతుల చేతికి వెళ్లి, 1933లో దేవస్థానం చట్టం అమల్లోకి వచ్చేదాకా వాళ్ల దగ్గరే ఉంది. మిగతా గుళ్లు 1863 చట్టంతో స్థానిక కమిటీల పాలయ్యాయి, మాన్యాలు ఎక్కడికక్కడ కరిగిపోయాయి. దీనికి అడ్డం నిలబడ్డది మనవాడే. కాళహస్తిలో పుట్టిన పానగంటి రామరాయణింగారు, అందరూ పానగల్ రాజా అనే ఆయన, మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా ఉండగా 1922లో ధర్మాదాయాల బిల్లు తెచ్చాడు. మతంలో జోక్యమని పెద్ద గొడవ. 1925లో పాసై, చిక్కులొచ్చి, మళ్లీ 1927లో చట్టమైంది. మన రాష్ట్రంలో ఇప్పుడు నడుస్తున్న 1987 చట్టం జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ తర్వాత వచ్చింది. వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్నీ, అర్చకుల వంశ హక్కునీ ఒక్క దెబ్బకు తీసేసింది. 1996లో సుప్రీంకోర్టు సరేనంది. అర్చకుల విషయంలో 2007లో ప్రభుత్వమే కొంత వెనక్కి తగ్గింది.

ఈ పాఠం చెప్పేటప్పుడు నా గొంతులో కొంచెం ఠీవి ఉండేది. ఊరికే రాలేదు అది. గుమాస్తాగా ఉన్నప్పుడు వంశపారంపర్య ధర్మకర్త ఏలుబడిలో ఉన్న గుడి రికార్డులు సర్దడానికి వెళ్లాను. అడంగల్‌లో స్వామి పేర మాగాణి ఉంది. పొలం దగ్గరికి వెళితే ధర్మకర్త అల్లుడి మోటారు తిరుగుతోంది. దీపానికి నూనె అడిగినందుకు అర్చకుణ్ణి ఆయన నా ఎదుటే కసిరాడు. ఇంకో ఊళ్లో దళితుల్ని ధ్వజస్తంభం దాటనివ్వకపోతే ఆర్డీవోతో పాటు మా ఇన్‌స్పెక్టరు వెళ్లి తలుపులు తీయించాడు. సర్కారు పోకపోతే ఆ తలుపు ఈనాటికీ తెరుచుకునేది కాదు. అందుకే, లౌకిక ప్రభుత్వానికి గుడితో ఏం పని అని ఎవరన్నా అడిగితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. పూజ అర్చకుడిది, పద్దు ప్రభుత్వానిది. రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛ ఇస్తూనే, మతంతో ముడిపడిన ఆర్థిక, రాజకీయ, లౌకిక వ్యవహారాలను చట్టంతో అదుపులో పెట్టొచ్చంటుంది. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఆ గీత గీసి చూపించింది. ఏ వేళకు ఏ సేవ, ఏ నైవేద్యం అన్నది మతం లోపలి సంగతి, అందులో అధికారి వేలు పెట్టకూడదు.

ఆ గీతను నేను ఎంత నిష్ఠగా పాటించేవాణ్ణంటే, మంటపంలో నిలబడి అర్చకస్వామికి కబురు పంపేవాణ్ణే గాని గర్భగుడి గడప దగ్గరికి కూడా పోయేవాణ్ణి కాదు. నామం పెట్టుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, చేతులు జోడించకుండా ఏ రోజూ ఆఫీసు తెరవలేదు. అయినా డ్యూటీలో నా మతం బయట పెట్టననే అనుకునేవాణ్ణి. చూపంతా లోపలి గడప మీద పెట్టి కూర్చున్నాను. బయటి ప్రహరీ వైపు ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో చూడలేదు.

2014లో నల్లమల అంచున ఒక పట్నంలో రామాలయానికి ఈఓగా ఉన్నాను. పెద్ద గుడి కాదు. కొంత మాన్యం, రోడ్డు వైపు వరుసగా దుకాణాలు, శ్రీరామనవమికి మాత్రం చుట్టుపక్కల పల్లెలన్నీ దిగుతాయి. ఆ ఏడు రాష్ట్రం విడిపోతోంది. మార్చి 1న రాష్ట్రపతి పాలన వచ్చింది, 5న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఏప్రిల్ 6, 11 తేదీల్లో మండల, జిల్లా పరిషత్ పోలింగ్, మే 7న అసెంబ్లీకి. ఏప్రిల్ 8న పడ్డ నవమి నిండా కోడ్‌లో మునిగింది.

మా కల్యాణానికి అన్నదానం ఉభయదారు ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన. ఏటా ఆయనే చేయించేవాడు. ఆ ఏడు ఆయన అసెంబ్లీ అభ్యర్థి. ప్రహరీ బయట, ఎడ్లబళ్లు ఆపే ఖాళీ జాగాలో పందిరి వేయించాడు. స్తంభానికొక ఫ్లెక్సీ. రాముడి పట్టాభిషేకం బొమ్మ కింద చేతులు జోడించి ఆయన. పానకం గ్లాసుల మీద కూడా ఆయనే. తలంబ్రాలయ్యాక కల్యాణం చూసిన జనమంతా భోజనాలకని అక్కడికి నడిచారు. అక్కడ మైకులో ఆయన మనిషి స్వామివారి దీవెన ఈసారి ఎవరికో చెప్పాడు. విన్నాను. నా గదికీ పందిరికీ మధ్య ఒక గోడే అడ్డం.

సాయంత్రానికి ఎవరో ఫిర్యాదు చేశారు. మర్నాడు తహసీల్దారు ఆఫీసు నుంచి రిపోర్టు అడుగుతూ కాగితం వచ్చింది. ప్రార్థనా స్థలాలను ప్రచార వేదికలుగా వాడకూడదని కోడ్‌లో ఉంది కాబట్టి జరిగింది రాయమన్నారు. ఆయన తాలూకు కుర్రాడు ఒకడు ముందే నా గదిలో కూర్చుని ఉన్నాడు. బెదిరించలేదు. నవ్వుతూనే అన్నాడు, ‘అన్న ఏటా చేయించేదే కదా సార్, కొత్తదేముంది?’

‘ఆలయ ప్రాంగణంలో ఎటువంటి రాజకీయ కార్యక్రమం జరగలేదు’ అని రాశాను. ఆ వాక్యంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ప్రాంగణం ప్రహరీతో అయిపోతుంది, పందిరి ప్రహరీ బయట ఉంది. అయితే ఆ ఖాళీ జాగా సర్వే నంబరు స్వామి పేర ఉంది. గుడి ఆస్తుల రిజిస్టరులో ఉంది. బళ్ల జాగా వేలం నోటీసులో ఏటా నేనే నా చేత్తో ఆ నంబరు రాస్తాను. రిపోర్టులో రాయలేదు. వాళ్లు ప్రాంగణం గురించి అడిగారు, ప్రాంగణం గురించి చెప్పానని సర్దుకున్నాను.

భయపడ్డానా అని ఎన్నోసార్లు అడుక్కున్నాను. భయం కాదు. ఆయన మీద రాస్తే వచ్చే ఏడు అన్నదానం ఆగిపోతుంది, పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆకలితో వెళతారు, గుడికి చెడ్డపేరు. ఇలా ఆలోచించాను. నా ఆలోచన నిండా గుడి మంచే. ఒక అభ్యర్థికి స్వామి స్థలం, స్వామి పండగ, స్వామి కోసం వచ్చిన జనం అప్పనంగా దొరికితే, రెండో అభ్యర్థికి ఏం దొరికిందన్న ప్రశ్న మనసులోకే రాలేదు. ఆ రెండో ఆయన కూడా రామభక్తుడే. ఆ రోజు కల్యాణానికి వచ్చి, పందిరి చూసి, తీర్థం పుచ్చుకుని పక్క గేటులోంచి వెళ్లిపోయాడు.

ఉభయదారు గెలిచాడు. నా రిపోర్టు వల్ల గెలిచాడనను, నాకంత సీను లేదు. రిటైరయ్యాక ఒక లాయరు మిత్రుడి దగ్గర ఊసుపోక పుస్తకాలు తిరగేస్తుంటే 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం కంటబడింది. పంజాబ్ ఉగ్రవాదం రోజుల్లో చేసింది. గుడి, మసీదు, చర్చి, గురుద్వారా, ఏదైనా సరే, దాని స్థలాన్ని గానీ ఉత్సవాన్ని గానీ రాజకీయానికి వాడనివ్వకూడదంటుంది. మీరితే ఐదేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా. శిక్ష పడేవాళ్లలో నిర్వాహకుడూ ఉన్నాడు. అంటే ఈఓ. సర్వీసంతా 1987 చట్టం సెక్షన్లు వల్లె వేశాను, మరుసటి ఏడాది ఢిల్లీలో చేసిన ఈ చట్టం పేరు నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏ ట్రైనింగులోనూ దాని ఊసు రాలేదు. రాకపోవడంలో ఆశ్చర్యమేముంది!

2014 జూన్‌లో కొత్త ప్రభుత్వం వచ్చింది. మా శాఖలో ప్రభుత్వం మారిందంటే ట్రస్టు బోర్డులు మారతాయి. ఎవరు వచ్చినా అంతే, ఈ విషయంలో పార్టీలన్నిటికీ ఒకటే ఆగమశాస్త్రం. ఎమ్మెల్యే ఆఫీసు నుంచి పేర్ల జాబితా వచ్చింది. నేను విచారించి రిపోర్టు ఇవ్వాలి. ధర్మకర్త కావాల్సినవాడికి గుడితో కౌలు, బాకీ లాంటి లావాదేవీలు ఉండకూడదని చట్టం. జాబితాలో ఒకాయన బావమరిది గుడి మాన్యం పాడుకుని శిస్తు ఎగ్గొడుతున్నాడు. కాగితం మీద పేరు వేరు, కనుక ‘అభ్యంతరం లేదు’ అని రాశాను. ప్రమాణస్వీకారం మంటపంలో పెట్టారు. పార్టీ కండువాలతో వచ్చిన జనం అవే కండువాలతో దర్శనానికి వెళ్లారు. కుర్చీలు వేయించింది నేనే. రామలక్ష్మణులకు వీపు తిప్పి ఎమ్మెల్యేగారి వైపు కుర్చీలు వేశారని అర్చకస్వామి నాతో అన్నాడు. అన్నాక, ధూపదీపాల పద్దులో రావలసిన బాకీ సంగతి అడిగాడు. నేను బాకీ సంగతికే జవాబిచ్చాను.

తర్వాతి సంతకమే నాకు మింగుడు పడనిది.

2015 నవంబరులో లీజుల నిబంధనలకు సవరణ వచ్చింది. గుడి దుకాణాల టెండర్లలో, వేలంలో హిందూయేతరులు పాల్గొనకూడదని దాని సారం. మరుసటి ఏడు మా దుకాణాల గడువు తీరింది. వరుసలో రెండో కొట్టు గాజుల సాయిబుది. వాళ్ల నాన్న నాటి నుంచీ అక్కడే. కల్యాణం నాడు పొద్దున్నే సీతమ్మకు గాజులు ఆ కొట్టు నుంచి వచ్చేవి. డబ్బు తీసుకునేవాడు కాదు. మొక్కు తీర్చుకున్న ఆడవాళ్లు గుళ్లోంచి నేరుగా ఆయన ముందు చేతులు చాపేవాళ్లు. గుడికి బాకీ పడ్డ కొట్లలో ఆయన కొట్టు ఎప్పుడూ లేదు, ఆ సంగతి నా డిమాండు రిజిస్టరే చెబుతుంది.

‘ఆ రూలు వచ్చిందిగా ఈఓ గారూ’ అని చైర్మన్ గుర్తు చేశాడు. నేను రూలు ప్రకారం నోటీసులో ‘హిందువులు మాత్రమే’ అన్న వాక్యం చేర్పించాను. గోడ మీద అంటించిన సాయంత్రమే సాయిబు వచ్చాడు. చెప్పులు గేటు బయట విడిచి, ఎప్పటిలాగే మెట్టు కింద నిలబడ్డాడు.

‘అయ్యా, పాట ఎక్కువ పాడమంటే పాడతాను. పాడనే వద్దంటే ఎట్లా?’

‘రూలు నా చేతిలో లేదు సాయిబూ’ అన్నాను.

‘సీతమ్మకు గాజులు మా కొట్టు నుంచే పోయేవి కదయ్యా.’

దానికి నా దగ్గర జవాబు లేదు. ఏదో ఫైలు తెరిచాను. ఆయన కాసేపు ఉండి వెళ్లిపోయాడు.

రూలు చేసింది నేను కాదన్నది నిజమే. మిగతా సంగతులు నా చేతిలోనే ఉన్నాయి. కొట్లు రోడ్డు వైపు తలుపులున్నవి, గుడి లోపలివి కావు. వాటికి కూడా ఇది వర్తిస్తుందా అని కమిషనర్‌కు స్పష్టత కోరుతూ రాయొచ్చు. అది తేలేదాకా వేలం వాయిదా వేయొచ్చు. ఇన్నేళ్లు సక్రమంగా అద్దె కట్టిన లీజుదారు ఉన్నాడని బోర్డు మినిట్స్‌లో ఎక్కించొచ్చు. అన్నిటికన్నా తేలికైనది, ‘కోర్టుకు వెళ్లు సాయిబూ’ అని ఒక్క మాట చెప్పొచ్చు. ఏదీ చేయలేదు. శ్రీశైలంలో దుకాణదారులు కోర్టుకు వెళ్లారు. 2019 సెప్టెంబరులో హైకోర్టు వాళ్ల పిటిషన్లు కొట్టేసింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేసింది. 2021 డిసెంబరులో, కేవలం మతం కారణంగా ఎవరినీ వేలం నుంచి, లీజు నుంచి తప్పించడానికి వీల్లేదంది. పేపర్లో ఆ వార్త చదివే రోజుకు నేను పింఛనుదారుణ్ణి.

వేలంలో రెండో కొట్టు చైర్మన్ మనిషికి వెళ్లింది. పాట పాత అద్దె మీద నామమాత్రం పెరిగింది. పోటీ లేకపోతే పాట ఎలా పెరుగుతుంది? కొన్నాళ్లకు అద్దె వసూలుకు ఆ వరుస వెంట నడుస్తుంటే రెండో కొట్లో గాజుల తోరణాలే వేలాడుతున్నాయి. సాయిబు కొడుకు కూర్చున్నాడు. పాటదారుకు అతను కడుతున్నది గుడికి వచ్చే దానికి దాదాపు రెట్టింపు. అంటే సాయిబుల కుటుంబం గుడి నీడన ఉండనే ఉంది, గాజులు అమ్ముతూనే ఉంది, కాకపోతే ఇప్పుడు సగం డబ్బు స్వామికి బదులు చైర్మన్ మనిషికి పోతోంది. మతాన్ని కాపాడటానికి వచ్చిన రూలు కాపాడింది అదీ. సబ్‌లీజుకు ఇస్తే లీజు రద్దు చేయాలి. చేయలేదు. పోనీలే, కుర్రాడికి బతుకుతెరువైనా ఉంది కదా అనుకున్నాను. పందిరి దగ్గర అన్నదానం, ఇక్కడ బతుకుతెరువు. తప్పు దాటేయడానికి ప్రతిసారీ నాకొక దయగల కారణం దొరికేది.

ఆ రోజుల్లోనే కడపలో పనిచేసి రిటైరైన మాస్టారొకాయన దగ్గర ఈ రూలును సమర్థించబోయాను. చర్చి దుకాణాలు మనకిస్తారా, దర్గా దుకాణాలు మనకిస్తారా అని ఏదో అన్నాను. ఆయన వాదించలేదు. ఉగాదినాడు దేవుని కడపకు ఎప్పుడైనా వెళ్లావా అని అడిగాడు. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డని ముస్లిం కుటుంబాలు ఆ రోజు వెంకటేశ్వరస్వామి దర్శనానికి బారులు తీరతాయి. తిరుమలలో మంగళవారం అష్టదళ పాదపద్మారాధనకు వాడే బంగారు పూలు ఇచ్చింది గుంటూరు సాయిబేనని కూడా గుర్తు చేశాడు. వెంకటేశ్వరుడికి లేని అభ్యంతరం మీ అసిస్టెంట్ కమిషనర్‌కు ఎందుకొచ్చిందయ్యా అన్నాడు. నేను టాపిక్ మార్చాను. ఆ విద్యలో అప్పటికే ఆరితేరాను.

అన్ని మతాలకూ సమానంగా పంచితే అది లౌకిక ప్రభుత్వమేనని చాలాకాలం నమ్మాను. భద్రాచలం కల్యాణానికి సర్కారు పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపుతుంది. గోల్కొండ సుల్తాను తానీషా నాటి నుంచి వస్తున్న ఆనవాయితీ అంటారు. సుల్తాను రాముడి పెళ్లికి ముత్యాలు పంపాడన్న తలపే నాకిష్టం. దాన్ని ఎవరన్నా తీసేయమంటే ఒప్పుకోను. రాష్ట్రం విడిపోయాక భద్రాద్రి తెలంగాణకు వెళ్లింది, 2015 నుంచి ఆంధ్రకు ఒంటిమిట్టలో అధికారిక కల్యాణం మొదలైంది. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఇఫ్తార్ విందు, దానికి దీటుగా క్రిస్మస్ విందు, హజ్ యాత్రకు సాయం, జెరూసలేం యాత్రకు సాయం, అర్చకులకూ ఇమాములకూ పాస్టర్లకూ గౌరవ వేతనాలు. ఒక్కొక్కటి విడిగా చూస్తే పేదవాడికి పదిరూపాయలు అందే మంచిపనే. అన్నీ కలిపి చూస్తే, ప్రతి మతానికీ ఇచ్చే చెయ్యి ఒకటే, ఆ చేతికి కట్టిన కంకణం మాత్రం అధికారంలో ఉన్న పార్టీది. పుచ్చుకున్న ఏ గురువూ ఆ చేతిని గట్టిగా ప్రశ్నించలేడు. ఈఓగా నాకు జీతం ఇచ్చిన చేతిని నేను ప్రశ్నించనట్టే. గోల్కొండ ముత్యాల్లో ఈ లెక్క లేదు, తానీషాకు ఎన్నికలు లేవు.

2020లో అంతర్వేది రథం కాలినప్పుడు, రామతీర్థంలో రాముడి విగ్రహం ధ్వంసమైనప్పుడు, అసలు దోషి ఎవరన్న దానికన్నా ఏ పార్టీ నాయకుడు ముందు కొండెక్కాడన్నదే టీవీల్లో పెద్ద వార్త. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి వివాదం వింటూ సుప్రీంకోర్టు, కనీసం దేవుళ్లనైనా రాజకీయాలకు దూరంగా ఉంచండన్నట్టు మాట్లాడింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. దూరంగా ఉంచడానికి మధ్యలో ఎవరన్నా నిలబడాలి కదా. బోర్డు చైర్మన్‌ను వేసేది ప్రభుత్వం, ఈఓను వేసేది ప్రభుత్వం, రెండూ ఎవరి సిఫారసు మీద జరుగుతాయో ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు.

నేనిలా అంటున్నానని విని, గుళ్లను సర్కారు నుంచి విడిపించాలని తిరిగే కుర్రాళ్లు ఆమధ్య మా ఇంటికొచ్చారు. మాజీ ఈఓ మాట్లాడితే బరువుంటుందని సభకు రమ్మన్నారు. వెళ్లలేదు. ఎవరి చేతికి విడిపిస్తారు బాబూ అని అడిగాను. భక్తుల చేతికి అన్నారు. మాగాణిలో మోటారు పెట్టుకున్న ఆ అల్లుడు కూడా భక్తుడే, మాల వేసుకుని ఏటా శబరిమల వెళ్లేవాడు. ధ్వజస్తంభం దగ్గర అడ్డం నిలబడ్డవాళ్లూ భక్తులే. ఆడిటరు ఉండాలి. తలుపు ఎవరికైనా తెరిచి ఉంచమని చెప్పే అధికారీ ఉండాలి. ఎమ్మెల్యే ఆఫీసు జాబితా మాత్రం ఉండకూడదు. దానికి బదులు ఏమిటని అడిగితే, ఉభయదారులు, అర్చకులు, నిత్యం వచ్చే ఊరివాళ్లలోంచి, ఏ పార్టీ పదవీ లేనివాళ్లను బహిరంగంగా దరఖాస్తులు పిలిచి ఎంచుకోమంటాను. కులపెద్దలు అందులోనూ దూరతారని నాకు తెలుసు. దూరినా, ప్రభుత్వం మారిన ప్రతిసారీ మూకుమ్మడిగా మారరు కదా. కుర్రాళ్లకు నా జవాబు రుచించలేదు. కాఫీ తాగి వెళ్లారు.

2024లో నవమి మళ్లీ కోడ్‌లో పడింది. మార్చి 16న షెడ్యూలు, ఏప్రిల్ 17న కల్యాణం, మే 13న పోలింగ్. ఒకప్పుడు నా దగ్గర గుమాస్తాగా చేసి ఇప్పుడు ఈఓ అయిన కుర్రాడు ఫోన్ చేశాడు. గుడి వేరు, పార్టీ వేరు, పందిరి మాత్రం అచ్చం అదే.

‘సార్, ప్రహరీ బయట వేశారు. రిపోర్టులో ఏం రాయమంటారు?’

‘ఆ జాగా ఎవరిది?’

‘మనదే సార్. రిజిస్టరులో ఉంది.’

‘అయితే సర్వే నంబరుతో మొదలుపెట్టు. పండగ అయ్యాక రాయకు, ఇవాళే రాసి తహసీల్దారుకు ఒకటి, పోలీసులకు ఒకటి ఇచ్చి రసీదు తీసుకో. 1988 చట్టం కాపీ కూడా జతచెయ్’ అన్నాను. చట్టం పేరు రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. నాదైన పాత సంగతి కూడా చెప్పాను. ఆ రిపోర్టు టైపు చేసింది తనేనని అప్పుడన్నాడు. మరిచిపోయాను.

రాశాడు. పందిరిని ఒక ప్రైవేటు మామిడితోటలోకి మార్చుకున్నారు. అన్నదానం ఆగలేదు, జనం తోటలోకి నడిచి వెళ్లి తిన్నారు. నేను పదేళ్ల కింద భయపడ్డ ఆకలి ఎవరికీ కలగలేదు. ఎన్నికలయ్యాక అతన్ని బదిలీ చేశారు. రిపోర్టు వల్లనా, ప్రభుత్వం మారడం వల్లనా అంటే అతనికీ తెలియదు. కొత్త చోట గుడి చిన్నది, దుకాణాలు మాత్రం చాలానే ఉన్నాయట, గడువు తీరిందట. వేలం నోటీసు నమూనా పంపమని అడిగాడు. నా దగ్గరున్నది 2016 నాటిది. పాత చట్టాల పేర్లు, ధరావతు మొత్తాలు సరిదిద్ది, ‘హిందువులు మాత్రమే’ అన్న వాక్యం కొట్టేసి, పక్కన 2021 సుప్రీంకోర్టు ఉత్తర్వు సంగతి రాసి వాట్సాప్‌లో పంపాను.